అద్దె కట్టనివాళ్లను ఖాళీ చేయించే సర్వీస్: 5కి 3 స్టార్లు

నాలుగు నెలల అద్దె బకాయి, ఫోన్ చేస్తే "వచ్చే వారం పక్కా అండీ" అన్న ఒకే మాట. విసుగొచ్చి "మీకు టెన్షన్ అక్కర్లేదు, అన్నీ మేం చూసుకుంటాం" అన్న ఈ సర్వీస్ వాళ్ల చేతిలో కేసు పెట్టాను. పేరు రాయను, ఆ గొడవ నాకెందుకు.

మొదటి నోటీసుతోనే దెబ్బతిన్నాం. అద్దె, నీళ్ల బిల్లు, ఆలస్య రుసుము అన్నీ కలిపి ఒకటే మొత్తం వేసి పంపారు, నేనూ చూసుకోకుండా సంతకం పెట్టేశాను. వాయిదా రోజు అవతలి లాయరు ఆ కాగితం పైకెత్తి "ఇందులో అద్దె ఎంతండీ?" అని అడిగితే మావాళ్లు ఫైలు తిరగేస్తూ నిలబడ్డారు. మళ్లీ నోటీసు, గడువు మళ్లీ మొదటి నుంచి. మధ్యలో అద్దెకున్నతను ఒక నెల అద్దె నా ఖాతాలో వేస్తే సంబరపడ్డాను కూడా. నోటీసు ఇచ్చాక డబ్బు మాట్లాడకుండా తీసుకుంటే 'అద్దెకు ఉండమన్నట్టే కదా' అని వాదించే వీలుంటుందట, దేనికింద జమ చేసుకున్నామో వెంటనే రాసి పంపాలట. ఇది డబ్బు పడ్డాక కాదు, ముందే చెప్పాల్సిన ముక్క.

స్టార్లు ఎందుకిచ్చానంటే, ఒకరోజు కోపంతో తాళం మార్చేస్తా, కరెంటు తీయించేస్తా అని నేను ఊగిపోతుంటే వాళ్ల ఆఫీసులో ఒకావిడ గట్టిగా ఆపింది. కోర్టు ఉత్తర్వు లేకుండా అలా చేస్తే చాలా చోట్ల కేసు ఓనరు మీదే పడుతుంది. రెండోసారి లెక్క కూడా ఆవిడే వేసింది: నెలకో వరస, ఎప్పుడు కట్టాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, బిల్లులు వేరే కాగితం మీద. నోటీసు అందినట్టు రసీదు దానికి పిన్ను కొట్టి పెట్టింది. ఈసారి జడ్జి దగ్గర ప్రశ్నే రాలేదు.

ఉత్తర్వు వచ్చిందంటే ఇల్లు వచ్చేసినట్టే అనుకున్నా. కాదు, అమలుకి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. చివరికి కోర్టు మనుషులు రావడానికి రెండు రోజుల ముందు అతనే తాళాలు కవర్లో పెట్టి గడప మీద వదిలి వెళ్లిపోయాడు.

బకాయి మాత్రం రాలేదు. మేం వేసింది ఇల్లు ఖాళీ చేయించే కేసే, డబ్బు వసూలు వేరు, దానికి ఫీజు కూడా వేరేనట. ఒప్పంద పత్రం చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, నిన్ననే చదివాను.