హ్యామ్‌స్టర్ విరేచనాల డ్రాప్స్: ఐదుకి ఒక్క స్టార్

డాక్టర్ చీటీ లేకుండా పెట్ షాపులో ఇచ్చే చుక్కల మందు ఇది. ఒక్క స్టార్, అదైనా ఎందుకిచ్చానో చివర్లో చెప్తా.

మా బఠాణీ ఆరు వారాల సిరియన్ జాతి హ్యామ్‌స్టర్ పిల్ల. ఇంటికొచ్చిన నాలుగో రోజు సాయంత్రం చూస్తే తోక చుట్టూ బొచ్చు తడిసి అతుక్కుపోయింది, మూలన ముడుచుకుని కూర్చుంది, రోజూ చేతిలోంచి లాక్కునే గింజని కనీసం వాసన కూడా చూడలేదు. సీసా మీద 'వెట్ టెయిల్‌కి' (తోక తడిసిపోయే విరేచనాల జబ్బు) అని ఉందిగా అని నమ్మేసి, లెక్క ప్రకారం నీళ్ల బాటిల్లో కలిపి, ఎందుకైనా మంచిదని మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టా. తెల్లారి చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. ఒంట్లో బాగోక మామూలు నీళ్లే సరిగ్గా తాగని ప్రాణి, మందు వాసనొచ్చే నీళ్లు తాగుతుందా?

వెట్ టెయిల్ అంటే ఉత్త అజీర్తి కాదు. లాసోనియా అనే బాక్టీరియా చిన్నపేగు చివరి భాగాన్ని పాడుచేస్తుంది. పాలు మానిన కొత్తలో, అంటే సుమారు 3 నుంచి 10 వారాల పిల్లలకే ఎక్కువ, దానికి ప్రయాణం, కొత్త బోను, ఊరికే చేతుల్లోకి తీసుకోవడం లాంటి టెన్షన్ తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. ఒంట్లో నీరంతా పోయి 48 గంటల్లోనే చచ్చిపోవచ్చు. అందులో ఒక రాత్రి నేను ఈ సీసాని నమ్ముకుని పోగొట్టా.

చిన్న జంతువుల్ని చూసే డాక్టర్ దాని చర్మం కింద సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ సిరంజితో నేరుగా నోట్లో వేయమన్నారు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ పనికొస్తుందా అని అడిగా (ఇప్పటికీ సిగ్గేస్తుంది). పెన్సిలిన్ జాతి మందులు హ్యామ్‌స్టర్ పేగుల్లో మంచి బాక్టీరియాని చంపేసి క్లాస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియాని పెరగనిస్తాయట, జబ్బుకంటే ముందు మందే చంపుతుందన్నారు.

బఠాణీ బతికింది. మళ్లీ ఓసారి మోషన్స్ అయితే గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే గూట్లో దాచుకున్న కీరా ముక్క జిగురు కారుతూ కుళ్లిపోయి ఉంది. అప్పట్నుంచి పచ్చివి గోరంత ముక్కే పెడతా, రోజూ దాని దాపుడు గూడు వెతుకుతా, తిండి మార్చాలంటే పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతా.

స్టార్ డ్రాపర్‌కి. కడిగి పెట్టుకున్నా, బఠాణీ పరిగెత్తే చక్రం కిర్రుమన్నప్పుడు ఒక చుక్క వంటనూనె వేయడానికి బాగుంది.