లెక్క పెట్టని సల్సా కోచ్: హైదరాబాద్‌లో రెండేళ్ల తర్వాత నా రివ్యూ

మా సల్సా (జోడీగా ఆడే లాటిన్ డాన్స్) మాస్టర్ అడుగుల లెక్క 'వన్ టూ త్రీ, ఫైవ్ సిక్స్ సెవెన్' అని అరవడు. కొత్త బ్యాచ్‌కి మొదటి రెండు మూడు వారాలు చెప్తాడు, తర్వాత ఆపేస్తాడు. పాట పెట్టి వినండి అంటాడు, అంతే. దాదాపు రెండేళ్లుగా అతని దగ్గర నేర్చుకుంటున్నాను. ఫీజు, ఏసీ, అద్దాలు, పార్కింగ్ లాంటివి హైదరాబాద్‌లో ఏ స్టూడియోకి వెళ్లినా కాస్త అటూ ఇటూగా ఒకటే. అందుకే ఇక్కడ రాసేది ఎక్కువగా ఈ ఒక్క సంగతి గురించే.

వెతుక్కునేవాళ్లకి ముందు ఒక మాట. మన దగ్గర బోర్డు మీద 'లాటిన్' అని ఉంటే లోపల ఏముందో చెప్పలేం. సల్సా, బచాటా, జుంబా, బాలీవుడ్, హిప్ హాప్, పెళ్లి సంగీత్ అన్నీ ఒకే వరుసలో రాసి ఉంటాయి. జుంబా అంటే వ్యాయామం, అందులో జోడీ ఉండదు. పోటీలవాళ్లు 'లాటిన్' అన్నారంటే సాంబా, చాచాచా, రుంబా, పాసో డోబ్లే, జైవ్. ఆ ఐదింట్లో సల్సా లేనే లేదు. నాకు కావాల్సింది సోషల్ డాన్స్. ముక్కూ మొహం తెలియని మనిషితో, ముందే అనుకున్న స్టెప్పులేవీ లేకుండా, ఒక పాటకి ఆడగలగాలి. దీనికి ఫోన్‌లోనే ఒక ప్రశ్న వేయొచ్చు: "మీ దగ్గర పార్ట్‌నర్ రొటేషన్ ఉందా?" అంటే క్లాసులో జోడీలు మారుతూ ఉంటాయా అని. జవాబు నసిగితే సగం అర్థమైపోతుంది. జోడీని మనమే తెచ్చుకోవాలేమోనని ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కర్లేదు, మా ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు.

నేను మొదట చేరింది ఒక పెద్ద స్టూడియోలో. మెరిసే చెక్క ఫ్లోరు, క్లాసు నిండా జనం, మైకులో లెక్క చెప్పే కోచ్. నెలకో రొటీన్ నేర్పేవాడు. క్రాస్ బాడీ లీడ్ (నడిపించేవాడు పక్కకి తప్పుకుని జోడీని అవతలి వైపుకి పంపడం), రైట్ టర్న్, మళ్లీ క్రాస్ బాడీ లీడ్, ఇన్‌సైడ్ టర్న్, చివర్లో ఒక పోజు. నెలాఖరున వీడియో. అందులో అందరం బాగానే కనిపించేవాళ్లం. మా అత్తగారికి చూపిస్తే "బాగానే చేస్తున్నావే" అన్నారు, ఆవిడ నోట ఆ మాట రావడమే గొప్ప.

ఆ ఊపులో జూబ్లీ హిల్స్‌లో ఒక పబ్‌లో జరిగే సల్సా నైట్‌కి వెళ్లాను. పుణె నుంచి ఆఫీసు పని మీద వచ్చిన ఒకతను డాన్స్‌కి పిలిచాడు. మొదలుపెట్టీ పెట్టగానే నేను గిర్రున రైట్ టర్న్ తిరిగేశాను. అతను తిప్పలేదు. మా రొటీన్‌లో బేసిక్ (ముందుకీ వెనక్కీ వేసే మూల అడుగు) తర్వాత రైట్ టర్నే వస్తుంది కాబట్టి తిరిగాను. అతను నవ్వి మళ్లీ బేసిక్‌లోకి తెచ్చాడు. ఈసారి నిజంగానే తిప్పబోయేసరికి నేను క్రాస్ బాడీకి రెడీగా ఉన్నాను. ఇద్దరి చేతులూ ముడిపడ్డాయి. నోట్లో ఫైవ్ సిక్స్ సెవెన్ నడుస్తూనే ఉంది, అది పాటలో ఎక్కడుందో మాత్రం తెలియదు. క్లాసులో 'వన్' ఎప్పుడూ మైకులోంచే వచ్చేది మరి. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అతనూ ఆగాడు. నేను ఆగకుండా వెళ్లి అతని కాలు తొక్కాను. చిన్నప్పుడు కొన్నేళ్లు కూచిపూడి నేర్చుకుని, గజ్జె కట్టి స్టేజీ ఎక్కినదాన్ని. తాళం తప్పితే ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ పబ్‌లో ఎవరికి చెప్పను?

స్టూడియోలో ఈ విషయం చెప్తే "అడ్వాన్స్‌డ్ ప్యాకేజీ తీసుకోండి మేడమ్, అన్నీ సెట్ అయిపోతాయి" అన్నారు. తీసుకోలేదు.

ఇప్పటి మాస్టర్ గురించి ఆ పబ్‌లోనే ఒకావిడ చెప్పింది. జూబ్లీ హిల్స్ చెక్ పోస్ట్ మెట్రో స్టేషన్ దిగి నడిచి వెళ్లొచ్చు, ఒక అపార్ట్‌మెంట్ కింద చిన్న హాలు. ట్రయల్ క్లాసులో కొత్త స్టెప్పు ఒక్కటీ నేర్పలేదు. వచ్చినవాళ్లందరితో తలా ఒక పాటకి డాన్స్ చేశాడు. ఆడవాళ్లకి తను లీడ్ (నడిపించేవాడు), మగవాళ్లకి తనే ఫాలోయర్ (వెంట నడిచేవాడు). చేతిలో ఏం తెలిసిందో చివర్లో ఒక్కొక్కరికీ చెప్పాడు. నా వంతు వచ్చేసరికి "అక్కా, మీరు నాకంటే ముందే వెళ్లిపోతున్నారు. ఇంకోటి, మీ అడుగు చప్పుడవుతోంది. క్లాసికల్ నేర్చుకున్నారా?" అన్నాడు.

కూచిపూడిలో పాదం మొత్తం నేలకి గట్టిగా తట్టాలి. సల్సాలో పాదం ముందు భాగం ఆనించి, బరువు మడమ మీదికి మెల్లగా దించాలి. ఒక మోకాలు వంగి ఇంకోటి నిటారుగా అవుతుంటే నడుము దానంతటదే కదులుతుంది. మొదటి స్టూడియోలో నెలల తరబడి "హిప్స్ మేడమ్, హిప్స్" అని విన్నాను. సమస్య పాదం దగ్గరుందని ఇతను ఒక్క పాటలో కనిపెట్టాడు.

ఇక అసలు సంగతి. ఒక వానాకాలం సాయంత్రం క్లాసు మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద రెండు లైట్లు వెలిగాయి, స్పీకర్ మాత్రం మూగబోయింది. ఇళ్లకి బయల్దేరదామని బ్యాగులు సర్దుకుంటుంటే మాస్టర్ తన సంచిలోంచి రెండు పొట్టి కర్రలు తీసి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ కర్రల్నీ, వాటి మీద కొట్టే దరువునీ క్లావే అంటారు. ఎనిమిది లెక్కల్లో ఐదు దెబ్బలు: ఒకటి మీద ఒకటి, రెండుకీ మూడుకీ మధ్య సందులో ఒకటి, నాలుగు మీద ఒకటి, తర్వాత ఆరు మీద, ఏడు మీద. మమ్మల్ని రెండు గుంపులు చేశాడు. ఒక గుంపు చప్పట్లతో క్లావే వెయ్యాలి, ఇంకో గుంపు దాని మీద బేసిక్ నడవాలి. అది కుదిరాక ఒకమ్మాయి చేతికి స్టీలు వాటర్ బాటిలూ స్పూనూ ఇచ్చి కౌబెల్ (పుల్లతో కొట్టే లోహపు గంట) వాయించమన్నాడు: ఒకటి, మూడు, ఐదు, ఏడు. చివరికి తనే ప్లాస్టిక్ కుర్చీని ముందేసుకుని కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్) దరువు అందుకున్నాడు. రెండు మీద చురుక్కుమనే దెబ్బ, నాలుగు దగ్గర జంటగా 'తుం తుం'.

సల్సా లెక్క ఎనిమిది, మన ఆది తాళమూ ఎనిమిదే. ఆ సంగతి మొదటిరోజు నుంచీ తెలుసు, తెలిసి ఒరిగిందేమీ లేదు. ఆది తాళంలో ఒక లఘువు, రెండు ద్రుతాలు, మళ్లీ వచ్చి సమం (తాళం మొదటి లెక్క) మీద పడటం నాకు అలవాటు. ఇక్కడ క్లావే రెండో దెబ్బ సందులో పడుతుంది, కాలు మాత్రం లెక్క మీదే ఉండాలి. నాలుగు మీద, ఎనిమిది మీద మనం అడుగు వెయ్యం, కాంగా సరిగ్గా అక్కడే నిండుగా మోగుతుంది. ఇన్నాళ్లూ ఆ రెండు చోట్లా ఖాళీ అనుకుని పరిగెత్తుతున్నాను, అందుకే లీడర్ కంటే ముందుండేదాన్ని. కుర్చీ మీద ఆ 'తుం తుం' పూర్తయ్యేదాకా ఆగడం మొదలుపెట్టాక, చేతి మీద లీడ్ అందడానికి వేళ దొరికింది. కరెంటు వచ్చాక పాట పెట్టాడు. 'వన్' ఎక్కడుందో నేనే పట్టుకుని మొదలుపెట్టాను.

తర్వాత ఆన్ టూకి మారినప్పుడు ఇది ఇంకా పనికొచ్చింది. ఎడీ టోరెస్ అనే డాన్సర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన న్యూయార్క్ పద్ధతి అది, దిశ మార్చే అడుగు రెండు మీద, ఆరు మీద పడుతుంది. అంకెలతో నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. మాకు కాంగాలో రెండు మీద దెబ్బ వినడం అప్పటికే అలవాటు కాబట్టి "దాని మీద మళ్లండి" అంటే సరిపోయింది.

ఇంత పొగిడానా, ఇప్పుడు మా కొలీగ్ సంగతి చెప్పాలి. నాతోపాటే చేరాడు. పాటలు వింటాడు తప్ప తాళంతో సంబంధం లేదు. లెక్క ఆపిన వారం నుంచి అతనికి టెన్షన్ మొదలైంది, నెల తిరక్కుండా మానేసి నేను వదిలేసిన పెద్ద స్టూడియోలోనే చేరాడు. ఇప్పుడు సోషల్స్‌లో చక్కగా చేస్తున్నాడు, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూనే. మా బ్యాచ్‌లో మిగిలినవాళ్లని చూస్తే ఒకరు తబలా వాయిస్తారు, ఇంకొకరు చర్చిలో కీబోర్డు. అంటే ఈ పద్ధతి గొప్పదా, లేక ముందే చెవి ఉన్నవాళ్లు మాత్రమే నిలబడుతున్నారా అన్న అనుమానం నాకుంది. మానేసినవాళ్ల గురించి అడిగితే మాస్టర్ "వాళ్లకి ఓపిక లేదక్కా" అంటాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు.

స్పిన్‌లు కూడా అంతంతే. తను అందంగా తిరుగుతాడు, ఎలా తిరగాలో చెప్పడం రాదు. తల చివరిదాకా ఆపి చటుక్కున తిప్పే స్పాటింగ్‌ని నేను బెంగళూరులో ఒక లేడీ టీచర్ వర్క్‌షాప్‌లో నేర్చుకున్నాను. హాల్లో ఉన్నది టైల్స్ ఫ్లోరు. రబ్బరు సోల్ షూస్‌తో తిరిగితే పాదం పట్టేసి మోకాలు మెలిపడుతుంది. కొన్నాళ్లు మోకాలు నొప్పితో బాధపడి, స్వెడ్ (మెత్తటి తోలు) సోల్ ఉన్న డాన్స్ షూస్ కొన్నాక తగ్గింది. ఆ పెద్ద స్టూడియో చెక్క ఫ్లోరు అప్పుడు గుర్తొచ్చిన మాట నిజం.

అన్నిటికంటే విసిగించేది ముహూర్తాలు. మన ఊళ్లో డాన్స్ కోచ్‌లకి నాలుగు డబ్బులు వచ్చేది సంగీత్‌లలోనే. మాఘం, శ్రావణం వచ్చాయంటే మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో 'సారీ గైస్, నో క్లాస్ టుడే'. శంషాబాద్ వైపు ఏ రిసార్టులోనో పెళ్లికొడుకు మేనమామలకి స్టెప్పులు నేర్పుతూ ఉంటాడు. కొత్త జంటలు తిట్టుకునే ఆషాఢం మాకు పండగ, ఒక్క క్లాసూ పోదు.

నా ఆఫీసు కొండాపూర్. సాయంత్రం కేబుల్ బ్రిడ్జి ట్రాఫిక్ దాటి రావడం, క్లాసయ్యాక పిల్లాడి ట్యూషన్ వదిలేలోపు ఇల్లు చేరడం కుదురుతోంది గనక వెళ్తున్నాను. మియాపూర్‌లోనో ఎల్బీ నగర్‌లోనో ఉంటే ఇంత దూరం వచ్చేదాన్నా అంటే చెప్పలేను. రెండు నెలల్లో రిసెప్షన్‌లో జోడీగా డాన్స్ చేయాలనుకునేవాళ్లు ఇతని దగ్గరికి రావద్దు, రొటీన్ నేర్పే స్టూడియోయే మేలు. తాళం కొంచెమైనా తెలిసి, సోషల్స్‌లో ఎవరితోనైనా ఆడాలనుకుంటే ట్రయల్ క్లాసుకి వచ్చి చూడండి. మూడు నెలల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తానని మొన్న నాతో అన్నాడు. పంచాంగం చూసి చెప్తానన్నాను.