బ్యాచ్ నంబరు కొడితే అందరూ దొరికారు, ఒక్కరు తప్ప

తాడేపల్లిగూడెంలో మా మావయ్యగారు ముప్పై ఏళ్లు నోటుపుస్తకాలతో నడిపిన మెడికల్ షాపులో నేను ఈ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించి నాలుగేళ్లు దాటింది. ఎక్స్‌పైరీ లిస్టు, కొన్ని మందులు ఎవరికి అమ్మామో రాయాల్సిన షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు అన్నిట్లోనూ ఉండేవే. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు కూడా ఒక్క అప్‌డేట్‌తో పనైపోయింది. నేను చెప్పాలనుకున్నది బ్యాచ్ సెర్చ్ గురించి, అంటే ఒకే విడతలో తయారైన మందులకి వేసే బ్యాచ్ నంబరు కొడితే అవి ఎవరెవరికి అమ్మామో చూపించే వీలు.

మొదట్లో తోటి ఫార్మసిస్టులు ఎవరడిగినా "కళ్లు మూసుకుని తీసుకోండి" అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనను.

ఒకరోజు పొద్దున్నే మాకు మందులు సరఫరా చేసే స్టాకిస్టు దగ్గర్నుంచి మెసేజ్: ఫలానా టెల్మిసార్టన్ 40 బ్యాచ్ అమ్మకం ఆపి, ఉన్నది వెనక్కి పంపండి అని. నోటుపుస్తకం రోజుల్లో అయితే ర్యాక్‌లో ఉన్నవి పంపేసి ఊరుకునేవాళ్లం. అమ్మినవి ఎవరింటికి వెళ్లాయో తెలిసే దారే లేదు. ఈసారి బ్యాచ్ నంబరు కొట్టగానే మొత్తం వచ్చేసింది. వచ్చినవి ఇరవై స్ట్రిప్పులు, అమ్మినవి పదమూడు, ఆరుగురి పేర్లు, ఫోన్ నంబర్లు. బీపీ మాత్ర, ఉన్నట్టుండి ఆపించకూడదు కదా. అందుకే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వేరే బ్యాచ్ స్ట్రిప్పులు ఇచ్చి పాతవి తెప్పించాం. మధ్యాహ్నానికల్లా పదమూడూ లెక్కకొచ్చాయి. కంప్యూటరంటే మొదట్నుంచీ గిట్టని మావయ్యగారు కూడా ఆ ఆరు పేర్లూ చదివి, "బాగుందమ్మాయ్" అన్నారు.

తీరా ర్యాక్‌లో చూస్తే ఏడు ఉండాల్సిన చోట ఆరే ఉన్నాయి.

గుండె జారిపోయింది. ఏం జరిగిందంటే, ఒకే మందు రెండు బ్యాచ్‌లు ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ ముందు ఎక్స్‌పైరీ అయ్యేదాన్ని తనే బిల్లులో వేసేస్తుంది. షాపులో పనిచేసే మా కుర్రాడి చేతికి పైనున్న స్ట్రిప్పు వస్తుంది. బిల్లు మీద ఒక బ్యాచ్, కవర్లో ఇంకోటి. ఇక రెండు బ్యాచ్‌లూ ర్యాక్‌లో ఉన్న రెండు వారాల్లో రెండో బ్యాచ్ పేరుతో కొన్న పదకొండు మందికీ ఫోన్లు మొదలుపెట్టాను. కొందరికి బ్యాచ్ నంబరు ఎక్కడుంటుందో కూడా చెప్పాల్సి వచ్చింది. తొమ్మిదో ఫోన్‌లో ఒక పెద్దావిడ మనవరాలు చదివిన నంబరు సరిపోయింది. అప్పటికే అయిదు మాత్రలు వాడేశారు. ఆవిడకేమీ కాలేదు. మావయ్యగారే బండి మీద వెళ్లి మార్చి వచ్చారు.

ఇక్కడే నాకు కోపం. 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన, ప్రభుత్వ జాబితాలో ఉన్న 300 మందుల బ్రాండ్లకి బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలని రూలు. అందులో బ్యాచ్, ఎక్స్‌పైరీ అన్నీ ఉంటాయి. స్కాన్ చేస్తే చేతిలో ఉన్న స్ట్రిప్పే బిల్లులోకి రావాలి. మా సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకోదు. రెండుసార్లు అడిగాను, "తర్వాతి వెర్షన్‌లో మేడం" అన్నారు.

అందుకని ఇప్పుడు మా కుర్రాడు స్ట్రిప్పు చేతిలో పట్టుకుని బ్యాచ్ చివరి మూడంకెలు పైకి చదువుతాడు, నేను స్క్రీన్ మీద సరిచూసి బిల్లు కొడతాను. లూజు మాత్రలు కత్తిరించేటప్పుడు బ్యాచ్ ముద్ర ఉన్న కొస మా దగ్గరే ఉంచుకుని, అవతలి వైపు నుంచి కోస్తాం. ఆ నంబరు కవరు మీద పెన్నుతో రాసిస్తాం. సాయంత్రం ఏడు దాటాక రద్దీలో ఇవన్నీ తప్పుతూనే ఉంటాయి, ఒప్పుకోవాలి.

మా షాపుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నెలనెలా వచ్చేవాళ్లే, ఫోన్ నంబరు అడిగితే ఇస్తారు. బస్టాండ్ దగ్గర షాపుకి ఇది ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్పలేను. వచ్చే నెల సాఫ్ట్‌వేర్ ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఫీజు, కట్టాలి. ఈ ఏడాదికి కడతాను. ఆ ఆరు పేర్లూ ఇచ్చింది ఇదే కదా.