బెంగాలీ పాత పత్రికల స్కాన్లు: చదవడానికి బంగారం, వెతకడానికి కష్టం

కలకత్తాలోని సెంటర్ ఫర్ స్టడీస్ ఇన్ సోషల్ సైన్సెస్ భద్రపరిచిన బెంగాలీ పత్రికలను జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవనిస్తోంది. వలసపాలన నాటి బెంగాల్ మీద పనిచేసేవారికి ఇది నిజంగా పెద్ద ఉపకారం.

ముందు తేదీల సంగతి. సంచికల మీద ఉండేది బెంగాలీ సంవత్సరం. ఏడాదిలో తొలి నెల బైశాఖ్ ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది కాబట్టి, క్రీస్తుశకం సంవత్సరం తెలియాలంటే డిసెంబరు దాకా 593, జనవరి నుంచి చైత్ర మాసాంతం దాకా 594 కలపాలి. బంకించంద్రుడి 'బంగదర్శన్' తొలి సంచిక 1279 బైశాఖ్, అంటే 1872 ఏప్రిల్. ఇది తెలియకపోతే ఏడాది తేడాతో వేరే సంపుటం తిరగేస్తారు.

మైక్రోఫిల్మ్ నుంచి తీసిన పేజీల్లో అక్షరం బాగానే నిలుస్తుంది, బొమ్మలే పోతాయి. 'ప్రబాసి' పత్రికలోని రంగుల చిత్రాల కోసమైతే అసలు ప్రతి చూడాల్సిందే.

అసలు చిక్కు ఓసీఆర్‌తో, అంటే స్కాన్‌లోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించి వెతకగలిగే పాఠంగా మార్చడంతో. బెంగాలీలో ব (బ) కింద చుక్క పెడితే র (ర). పేజీని పూర్తి నలుపు-తెలుపులోకి మారిస్తే మరకలతో పాటు ఆ చుక్కా చెరిగి, 'ర' కాస్తా 'బ' అయిపోతుంది. మన 'థ'లో చుక్క పోతే 'ధ' అయినట్టే. అందుకే కొత్తగా స్కాన్ చేసేవాళ్లు 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు), కనీసం గ్రేస్కేల్‌లో (బూడిద రంగు ఛాయలతో) తీయండి. రెండు కాలమ్‌ల పేజీని విడగొట్టాకే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ బెంగాలీ మోడల్‌కి ఇవ్వండి, లేకపోతే వాక్యాలు అడ్డంగా కలిసిపోతాయి. పేర్లను మాత్రం కంటితోనే సరిచూడాలి.