నేటాల్ ఓడల జాబితాలు: ఆరేళ్లు వెతికాక

మా ముత్తాత తమ్ముడి మాట వస్తే "రంగం (రంగూన్) పోయాడు, మళ్లీ రాలేదు" అనేవారు ఇంట్లో. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఓడెక్కిన ప్రతివాడూ రంగం పోయినట్టే లెక్క. తీరా అటక మీది ట్రంకు పెట్టెలో దొరికిన కవరు మీద ఉన్నది డర్బన్ ముద్ర. డర్బన్ ఉన్నది నేటి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో. అప్పటినుంచి ఆరేళ్లుగా మన దేశం నుంచి అక్కడికి వెళ్లిన కూలీల ఓడల జాబితాలను ఇంటర్నెట్‌లో జల్లెడ పడుతున్నాను.

సరుకుకు వంక పెట్టలేను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా 1,52,184 మంది వెళ్లారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటి మీది గుర్తులు కూడా రాసుకున్నారు. ఆ కాలపు కూలివాడి గురించి మన వైపు ఇన్ని వివరాలు ఒకే వరుసలో నాకు ఎక్కడా దొరకలేదు.

తంటా అంతా వెతకడంలోనే. మొదటి ఏడాది ఇంటిపేరుతో వెతికి వృథా చేసుకున్నాను. ఆ రిజిస్టరులో ఇంటిపేరుకు గడే లేదు! గుమాస్తా అడిగింది నీ పేరేమిటి, నీ అయ్య పేరేమిటి అనే. తర్వాతి తరాలకు తండ్రి పేరో, కులం గడిలోని మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. మన నాయుడు అక్కడ ఇంగ్లీషులో రెండు 'ఓ'లు తగిలించుకున్నాడు. డర్బన్‌లో అంతమంది నాయుడులు ఉన్నారంటే వాళ్లంతా ఒక వంశం కాదు, ఒక గడి సంతానం.

సొంత పేరైనా నికరంగా ఉంటుందా అంటే అదీ లేదు. మావాడు సింహాచలం. నాకు సిమాచలం, సిమ్మాచలం, చిమచెలం కూడా తగిలారు. గంగమ్మ ఒకచోట కంగమ్మ అయింది. విన్నది తమిళ చెవి అయి ఉంటుందని నా అనుమానం. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం కదా. చెప్పినవాడికి చదువు రాదు, తప్పు రాశారని ఎలా తెలుస్తుంది? పైగా నేను వాడిన సైటులో ఒక్క అక్షరం తేడా వస్తే ఫలితం సున్నా. అందుకే ఐదుకు మూడున్నర మార్కులే వేస్తున్నాను.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది: పేరు గడి ఖాళీగా వదిలి, తండ్రి పేరులో మొదటి మూడు అక్షరాలూ ఊరూ ఇచ్చి చూడండి. జిల్లా విషయంలో మోసపోకండి. మాది టెక్కలి దగ్గర. నేను రెండేళ్లు విశాఖపట్నం జిల్లాలోనే వెతికాను. శ్రీకాకుళం, టెక్కలి 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవన్న సంగతి ఎవరో పెద్దాయన చెబితే తెలిసింది. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు. వయసును అసలు నమ్మవద్దు, ఐదేళ్లు అటూ ఇటూ చూసుకోండి. మనిషి దొరికాడనిపిస్తే ముందు నంబరు రాసి పెట్టుకోండి. తర్వాతి కాగితాల్లో పేరు ఎన్ని వేషాలు వేసినా నంబరు అదే ఉంటుంది.

ఇంత వడపోత తర్వాత ఇద్దరు సింహాచలాలు మిగిలారు. తండ్రి పేరు ఒకటే, ఊరి పేర్లు రెండూ మా ఊరిలాగే వినిపిస్తాయి. ఒకతనికి ఎడమ ముంజేతి మీద మచ్చ, ఇంకొకతనికి మోకాలి కింద. మావాడు చిన్నప్పుడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడని నాయనమ్మ చెప్పేది. దెబ్బ ఎక్కడ తగిలిందో నేను అడగలేదు.

మొదటి అతని వరుసలో ఆ తర్వాత ఏమీ రాయలేదు. రెండో అతని వరుస చివర మాత్రం, పదేళ్లకు తిరిగి మద్రాసు ఓడెక్కినట్టు ఉంది. మా ఇంటికి ఎవరూ రాలేదు. మావాడు మొదటి అతనే కావాలని కోరుకుంటున్నాను.