హెబ్రిడియన్ వే మీద ఒక్కడినే, సైకిల్ మీద: నాలుగు ట్రిప్పుల తర్వాత నా రివ్యూ

గాలి ఎటు నుంచి కొడుతుందో చూసుకోకుండా హెబ్రిడీస్ దీవులకి సైకిల్ ట్రిప్ ప్లాన్ చెయ్యొద్దండి, ఈ మాట ముందే చెప్పేస్తున్నా. మాది అనంతపురం జిల్లా. ఆషాఢం గాలి అంటే ఏంటో చిన్నప్పటి నుంచి తెలుసు, తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి, ఆరేసిన బట్టలు పక్క వీధిలో దొరుకుతాయి. అయినా అక్కడ బెన్‌బెక్యులా అనే దీవి దగ్గర ఎదురుగాలిలో బ్యాగులేసుకుని తొక్కిన రోజు గానీ, గాలి కొండ కంటే కష్టమని నాకు అర్థం కాలేదు. కొండైతే ఎక్కడో ఒకచోట అయిపోతుంది కదా.

గ్లాస్గోలో ఉంటా నేను. 2019, 2021, 2022, 2024, ఇలా నాలుగుసార్లు వెళ్ళా, ప్రతిసారీ ఒక్కడినే, అదే సైకిలు, అవే బ్యాగులు. మూడుసార్లు రూట్ మొత్తం పూర్తయింది, ఒకసారి మధ్యలో ఆగిపోయింది, అదెందుకో కింద చెప్తా. వారం పది రోజుల సెలవు పెట్టి ఒంటరిగా వెళ్దాం అనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

హెబ్రిడియన్ వే రూట్ సంగతి తెలియనివాళ్ళకి: స్కాట్లాండ్ పశ్చిమాన సముద్రంలో వరసగా దీవులుంటాయి, దక్షిణాన వాటర్సే నుంచి ఉత్తరాన బట్ ఆఫ్ లూయిస్ లైట్‌హౌస్ దాకా 185 మైళ్ళు, అంటే 297 కిలోమీటర్లు. పది దీవులు, ఆరు కాజ్‌వేలు, అంటే సముద్రం మీద వేసిన కట్టరోడ్లు, మధ్యలో రెండు ఫెర్రీలు. సైకిల్ రూట్ నంబర్ 780, దారంతా బోర్డులుంటాయి, తప్పిపోవడం అంటూ దాదాపు ఉండదు, చాలాచోట్ల ఉన్నదే ఒక్క రోడ్డు. అదీ సింగిల్ ట్రాక్, అంటే ఒక్క బండికే సరిపోయే వెడల్పు, ఎదురుగా కారొస్తే పాసింగ్ ప్లేస్‌లో, అంటే పక్కకి తప్పుకోడానికి వదిలిన జాగాలో, ఎవరో ఒకరు ఆగాలి, ఆగినవాళ్ళకి చెయ్యెత్తి థాంక్స్ చెప్తారు, రెండో రోజుకి ఆ చెయ్యెత్తడం అలవాటైపోతుంది.

చూడ్డానికి 297 కిలోమీటర్లే కదా, నాలుగు రోజుల్లో కొట్టేస్తా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇక్కడ లెక్క కిలోమీటర్లతో కాదు, ఫెర్రీలతో. మెయిన్‌ల్యాండ్‌లో ఓబన్ నుంచి బారా దీవిలో కాజిల్‌బేకి దాదాపు ఐదు గంటల ప్రయాణం, బారా నుంచి ఎరిస్కేకి 40 నిమిషాలు, బెర్నరే నుంచి హారిస్‌లో లెవర్‌బరోకి గంట, ఆఖరికి లూయిస్‌లో స్టోర్నోవే నుంచి మళ్ళీ మెయిన్‌ల్యాండ్‌లో అల్లాపూల్‌కి రెండున్నర గంటల పైన. ఈ ఫెర్రీల్లో సైకిల్‌కి టికెట్ లేదు, మనిషికి తీసుకుంటే చాలు, అది చాలా మంచి విషయం. కానీ ఉదయం ఫెర్రీ తప్పితే ఆ రోజు సగం పోయినట్టే. అందుకే ఇప్పుడు నేను ముందు ఫెర్రీ టైములు ఒక కాగితం మీద రాసుకుని, వాటి మధ్యలో రోజుకి 50-55 కిలోమీటర్లు సర్దుతా. తొక్కడానికి ఆరు రోజులు, ఒక రోజు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ రోజు మాత్రం ఎవరేమన్నా తీసెయ్యకండి.

2021లో నేను అది తీసేశా. సెలవు తక్కువుంది, రోజుకి 80 చొప్పున వేసుకుని నార్త్ యూయిస్ట్ దాకా బానే వెళ్ళా, బెర్నరే రేవుకి వెళ్ళేసరికి గాలికి ఫెర్రీ రద్దు అని బోర్డు. అక్కడ సముద్రం నిండా రాళ్ళూ తిన్నెలూ, పడవ మెలికలు తిరుగుతూ వెళ్ళాల్సిన దారి, గాలి ఉంటే వెళ్ళలేరు, అది వాళ్ళ తప్పు కాదు. మర్నాడు మధ్యాహ్నం దాకా అంతే. సోమవారం ఆఫీసు, ఇంకేం చేస్తాం, వెనక్కి లాక్‌మ్యాడీ రేవుకి వచ్చి స్కై దీవిలో యుయిగ్‌కి ఫెర్రీ ఎక్కి ఇంటికొచ్చేశా. హారిస్, లూయిస్ రెండూ పోయాయి. అసలు అందం హారిస్‌లోనే ఉందండి, లస్కెంటైర్ ఇసుక, ఆకుపచ్చ నీళ్ళు, అవి అంత దగ్గర దాకా వెళ్ళి చూడకుండా రావడం ఇప్పటికీ బాధే.

ఇక గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి నుంచే వీస్తుంది, మన వానాకాలం గాలి వచ్చే దిక్కే. అందుకే అందరూ దక్షిణం నుంచి ఉత్తరానికి తొక్కుతారు, గాలి వీపు మీద ఉంటుందని. 2022లో రైలు టికెట్లు కుదిరాయని నేను స్టోర్నోవే నుంచి మొదలుపెట్టి తలకిందులుగా వచ్చా. నార్త్ యూయిస్ట్ నుంచి గ్రిమ్సే మీదుగా బెన్‌బెక్యులాకి కాజ్‌వే ఉంది, రెండు పక్కలా నీళ్ళు తప్ప ఒక చెట్టు లేదు, గోడ లేదు. చదును రోడ్డు మీద అన్నిటికంటే చిన్న గేర్‌లో, తల హ్యాండిల్ మీదకి వంచేసి, ఎనిమిది కిలోమీటర్లకి గంట దాటింది. చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడదు, వెనక కారు హారన్ కొట్టినా తెలియలేదు. అక్కడ నీటికుక్కలు రోడ్డు దాటతాయి జాగ్రత్త అని ఒక బోర్డుంటుంది, ఆ స్తంభం పక్కన సైకిల్ దిగి నిలబడితే బోర్డు రేకు ఆగకుండా గలగలమంటోంది, సైకిల్‌ని రెండు చేతులతో పట్టుకుంటే గానీ నిలబడలేదు. అప్పటి నుంచి ఉత్తరం నుంచి దక్షిణానికి అనే మాటే ఎత్తను.

సామాను గురించి. నాది స్టీల్ ఫ్రేమ్ టూరింగ్ సైకిల్, 35 మిల్లీమీటర్ల టైర్లు, ష్వాల్బే మారథాన్ ప్లస్. నాలుగు ట్రిప్పుల్లో ఒక్క పంక్చర్. బరువు టైర్లే, ఒప్పుకుంటా, కానీ అడుగడుక్కీ సైకిల్ షాపు లేని చోట నేనైతే బరువే కోరుకుంటా. వెనక రెండు ఆర్ట్‌లీబ్ బ్యాగులు, పైన మడిచి బిగించే రకం, ఒక్కసారి కూడా లోపల బట్ట తడవలేదు, గంటల తరబడి అడ్డంగా కొట్టే వానలో కూడా. ముందు బ్యాగులు పెట్టను, గాలికి హ్యాండిల్ లాగేస్తుంది. మొత్తం సామాను 14 కిలోలు దాటనివ్వను.

ఇబ్బంది వచ్చింది బ్యాగుల్తో కాదు, వాటిని మోసే ర్యాక్‌తో. 2019లో టార్బర్ట్ దాటాక క్లిషమ్ కొండ పక్క నుంచి రోడ్డు ఎక్కుతుంది, ఆ దీవుల్లో అన్నిటికంటే ఎత్తు కొండ అదే, 799 మీటర్లు. ఆ ఎక్కుడులో వెనక నుంచి టకటకమని చప్పుడు, దిగి చూస్తే ర్యాక్‌ని ఫ్రేమ్‌కి పట్టే కింది బోల్టు ఊడి ఎక్కడో పడిపోయింది, బ్యాగు పక్కకి ఒరిగి చక్రం పుల్లలకి రాసుకుంటోంది. వెనక్కి నడిచి వెతికా, దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, వాటర్ బాటిల్ స్టాండుకి ఉండే బోల్టులు కూడా అదే సైజు, ఎం5. ఒకటి విప్పి ర్యాక్‌కి బిగించి, బాటిల్ స్టాండుని జిప్ టైతో కట్టా, స్టోర్నోవే దాకా అలాగే నడిచింది. ఇప్పుడు హ్యాండిల్ బార్ చివర మూతలో నాలుగు ఎం5 బోల్టులు గుడ్డలో చుట్టి పెట్టుకుంటా, ప్రతి రోజూ పొద్దున్నే అలెన్ కీతో ఒకసారి తిప్పి చూస్తా. ఉప్పుగాలికి చైను కూడా ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది, చిన్న ఆయిల్ సీసా, పాత బనీను ముక్క తప్పనిసరి.

గుడారం సంగతి. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం ఊరికి, పంటకి, ఇళ్ళకి దూరంగా చిన్న గుడారం వేసుకునే హక్కుంది, శుభ్రంగా వదిలేసి రావాలి అంతే. నార్త్, సౌత్ యూయిస్ట్ దీవుల్లో పడమటి తీరమంతా మకేర్ అంటారు, ఇసుక నేల మీద పచ్చిక, జూన్‌లో నిండా పూలు, నేను దాని అంచున పడుకున్న రాత్రులే ఎక్కువ. జూన్‌లో రాత్రి పదిన్నరకి గానీ పొద్దు పోదు, నిద్ర పట్టాలంటే కళ్ళకి గంత కట్టుకోవాల్సిందే. నుసుములు మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇక్కడ మిడ్జెస్ అంటారు, గాలి లేని సాయంత్రం, తేమ ఉంటే చాలు, మబ్బులాగా వచ్చి పడతాయి, మేం చిన్నప్పుడు చూసిన నుసుముల్లాంటివే కానీ ఇవి కుడతాయి. గాలి కాస్త వీస్తే ఎగరలేవు, అందుకే పగలంతా తిట్టుకున్న ఆ గాలే సాయంత్రం కావాలనిపిస్తుంది. మే నెలలో వెళ్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, జూలై, ఆగస్టు అయితే తలకి వల టోపీ కొనుక్కోండి, చవకే.

తిండికి మనవాళ్ళకి నా సలహా: రవ్వ ఇంట్లోనే వేయించి పోపు కూడా కలిపేసి, ఒక్కో పూటకి ఒక్కో కవర్లో కట్టుకోండి, మరిగే నీళ్ళు పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో ఉప్మా. అటుకులు, కందిపొడి కూడా. కాజిల్‌బేలో, డాలిబరోలో, క్రియగోరీలో కోఆప్ అనే సూపర్‌మార్కెట్లున్నాయి, రోడ్డు పక్కన డబ్బాలో కేకులు, గుడ్లు పెట్టి డబ్బులు మీరే వేసి తీసుకోండి అనేవాళ్ళూ ఉంటారు, అందుకని చిల్లర ఉంచుకోండి. ఆదివారం మాత్రం హారిస్, లూయిస్‌లో జాగ్రత్త, ఆ రోజు ప్రార్థనకి, విశ్రాంతికి అని చాలా షాపులు తియ్యరు, శనివారం సాయంత్రమే కొనేసుకోవాలి. అది వాళ్ళ పద్ధతి, ఆ రోజు ఊళ్ళో ఉండే నిశ్శబ్దం నాకు నచ్చింది కూడా.

మెయిన్‌ల్యాండ్‌లోని కొండ ప్రాంతం హైలాండ్స్ కూడా కలపాలంటే అల్లాపూల్‌లో దిగాక గుర్తుంచుకోండి, అక్కడ రైలు లేదు. నేను గార్వ్ స్టేషన్ దాకా తొక్కుతా, సుమారు 32 మైళ్ళు, అక్కణ్ణుంచి ఇన్వర్‌నెస్‌కి రైలు. కార్లు లారీలు బాగా తిరిగే రోడ్డు, దీవుల తర్వాత అది ఒక్కసారిగా భయమేస్తుంది, మెరిసే జాకెట్ వేసుకోండి, పొద్దున్నే బయల్దేరండి. 2024లో మరో రెండు రోజులు కలిపి యాపిల్‌క్రాస్ వైపు బియలఖ్ న బా అనే కనుమ రోడ్డు కూడా ఎక్కా, సముద్రం ఒడ్డు నుంచి 626 మీటర్లకి ఒకే ఎక్కుడు, పైన మలుపులు చూస్తే తిరుమల ఘాట్ రోడ్డే గుర్తొచ్చింది. 14 కిలోల సామానుతో ఆఖరి మలుపులు తోసుకుంటూ నడిచా. వారం ట్రిప్‌లో ఇదీ అదీ రెండూ పెట్టకండి, దీవులా హైలాండ్సా ఒకటి తేల్చుకోండి, నేనైతే దీవులే అంటా.

ఒంటరిగా వెళ్ళడం గురించి ఇంట్లో ఇప్పటికీ గొడవే. అమ్మ ప్రతిసారీ ఫోన్లో "ఆ సముద్రం మధ్యలో ఒక్కడివే ఏం చేస్తావురా" అంటుంది. సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి నా పద్ధతి ఇది: ఫెర్రీలు, రాత్రి ఉండే ఊళ్ళు రాసిన కాగితం మా ఆవిడ దగ్గర ఒక కాపీ, రాత్రి మెసేజ్ రాకపోతే కంగారు పడొద్దు, మర్నాడు మధ్యాహ్నం దాటితే మాత్రం ఫోన్ చెయ్యమని. ఇంకోటి, యూకే ఫోన్ నుంచి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999కి "రిజిస్టర్" అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి ముందే నమోదు చేసుకోండి, కాల్ కలవని చోట మెసేజ్ అయినా వెళ్ళే అవకాశం ఉంటుంది.

2024లో ఖాళీ రోజు బెర్నరేలో వాడా. ఫెర్రీలన్నీ టైముకే తిరిగాయి, కావాలంటే ముందుకి వెళ్ళిపోవచ్చు, కానీ వెళ్ళలేదు. పొద్దున చైను కడిగా, గడ్డి కప్పిన రాతిగోడల హాస్టల్ ముందు బండ మీద కూర్చుని ఉప్మా తిన్నా, ఎదురుగా రాళ్ళ మీద సీల్స్ పడుకుని ఉన్నాయి, ఆటుపోటు మారి నీళ్ళు రాళ్ళ మీదకి వచ్చేదాకా అవీ కదల్లేదు, నేనూ కదల్లేదు. వచ్చే మేలో మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఆ ఊళ్ళో రెండు రోజులు పెట్టుకున్నా, ర్యాక్ బోల్టులు నాలుగూ నిన్ననే కొత్తవి మార్చా.