ఓఎస్ వేసి అమ్మే "ప్రైవసీ ఫోన్" కొనేముందు అది ఆన్ అయ్యేటప్పుడు వచ్చే తెర చూడండి

"గూగుల్ లేదు, ట్రాకింగ్ లేదు, ఓఎస్ (ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మేమే వేసి ఇస్తాం" అన్న ప్రకటన చూసి పోయిన నెల గూగుల్ తయారుచేసిన పిక్సెల్ 4ఏ ఫోన్, వాడినది ఒకటి కొన్నాను. ఇన్‌స్టాల్ చేసుకునే పని తప్పుతుంది కదా అని మామూలు రేటు కంటే ఎక్కువే ఇచ్చాను. డబ్బు పోయిన బాధ సరే, మూడు వారాలు బ్యాంకు యాప్, ఇంట్లోవాళ్ల ఫొటోలు, మెడికల్ రిపోర్టులు అన్నీ అందులోనే పెట్టుకున్నాను. అది తలుచుకుంటేనే నిద్ర పట్టట్లేదు.

మొదటి రోజే తేడా కనపడింది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద నారింజ రంగు గుర్తు, దాని కింద నాలుగు లైన్లు: బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లోడ్ చేసే భాగం) అన్‌లాక్ అయి ఉంది, సాఫ్ట్‌వేర్‌కి భరోసా లేదు, ముఖ్యమైన డేటా ఇందులో పెట్టవద్దు అని. కొన్ని సెకన్లలో అది పోయి లోగో వచ్చేస్తుంది. అమ్మినాయన్ని అడిగితే "వేరే ఓఎస్ వేస్తే ఎవరికైనా అంతేనండీ" అన్నారు. నమ్మాను.

ఆ మాటలో సగమే నిజం. ప్రైవసీ కోసం తయారైన గ్రాఫీన్‌ఓఎస్ లాంటిది వేసి బూట్‌లోడర్‌ని తిరిగి లాక్ చేస్తే వచ్చేది పసుపు హెచ్చరిక. వేరే ఓఎస్ లోడ్ అవుతోందని చెప్పి, దాని కీ (ఆ ఓఎస్ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకానిది) తాలూకు అక్షరాలు, అంకెలు చూపిస్తుంది. నారింజ వచ్చిందంటే తలుపుకి గడియే లేదన్నమాట. ఫోన్ కాసేపు ఎవరి చేతికి చిక్కినా సిస్టమ్‌నే మార్చేసి తిరిగి మన చేతిలో పెట్టొచ్చు. ఆ తర్వాత మనం కొట్టే పిన్ కూడా వాళ్లకే అందుతుంది.

అనుమానంతో సెట్టింగ్స్‌లో బిల్డ్ వివరాలు చూశాను. చివర్లో "టెస్ట్-కీస్" అని ఉంది. అవి ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌తో పాటు అందరికీ దొరికే కీలు. వాటితో ఎవరు సంతకం చేసిన యాప్ అయినా సిస్టమ్ యాప్‌గా చెలామణీ కాగలదు. సెక్యూరిటీ ప్యాచ్ దగ్గర రెండు తేదీలున్నాయి. ఆండ్రాయిడ్‌ది కొత్తదే, వెండర్ ప్యాచ్, అంటే లోపలి హార్డ్‌వేర్ భాగాలది మాత్రం 2023 దగ్గర ఆగిపోయింది. పిక్సెల్ 4ఏకి గూగుల్ హామీ ఇచ్చిన అప్‌డేట్లు 2023 ఆగస్టుకే అయిపోయాయి. మోడెమ్, చిప్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) తయారీదారే ఇవ్వాలి, పైన ఎంత కొత్త ఓఎస్ వేసినా అందులోని కన్నాలు పూడవు. లీనియేజ్‌ఓఎస్ లాంటి ఉచిత ఓఎస్ ప్రాజెక్టుల్ని నేను తప్పుపట్టను, పాత ఫోన్లకి ప్రాణం పోస్తున్నాయి. కానీ పాత ఫోన్‌ని బతికించడం వేరు, ప్రైవసీ వేరు.

ఇంకొకరు వేసిన ఓఎస్ ఎంత దూరం పోగలదో ఆనమ్ ఫోన్లు చూపించాయి. రహస్యంగా మాట్లాడుకోవచ్చని నేరగాళ్లు వాడిన ఆ ఫోన్లు 12,000కి పైనే. ఆ నెట్‌వర్క్ నడిపింది అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అని 2021 జూన్‌లో బయటపడింది. తర్వాత అవే ఫోన్లు కొన్ని సెకండ్ హ్యాండ్‌లో మామూలు మనుషుల చేతికి చేరాయి.

గ్రాఫీన్‌ఓఎస్ ఉచితం. పిక్సెల్ ఫోన్‌కి కేబుల్ పెట్టి, బ్రౌజర్‌లోంచే మీరే వేసుకోవచ్చు. చివర్లో బూట్‌లోడర్ లాక్ చేయడం మాత్రం మరవకండి, పసుపు తెర మీది కీని వాళ్ల అధికారిక సైట్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకోండి. వాళ్లదే ఆడిటర్ అనే యాప్‌తో ఇంకో ఫోన్ నుంచి కూడా సరిచూసుకోవచ్చు. వాడిన పిక్సెల్ కొంటుంటే సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో "ఓఈఎం అన్‌లాకింగ్" (వేరే ఓఎస్ వేసేందుకు బూట్‌లోడర్‌ని తెరవనిచ్చేది) ఆన్ అవుతుందో లేదో ముందే చూడండి. కొన్ని నెట్‌వర్క్ కంపెనీల లాక్ ఉన్న ఫోన్లలో అది పనిచేయదు. పిక్సెల్ 8 నుంచి 7 ఏళ్ల అప్‌డేట్లున్నాయి, నా మాట విని అంతకంటే పాతది వద్దు. ఇదంతా మనవల్ల కాదనుకుంటే అప్‌డేట్లు వస్తున్న ఐఫోన్ తీసుకుని లాక్‌డౌన్ మోడ్ (దాడులకు దారిచ్చే కొన్ని ఫీచర్లని ఆపేసే సెట్టింగ్) పెట్టుకోండి. నేను కొన్నదానికంటే అది వెయ్యి రెట్లు నయం.

అమ్మినాయన ఫోన్ వాపసు తీసుకోలేదు. పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్ నుంచి మార్చాను, బ్యాంకు యాప్‌లో ఆ ఫోన్ రిజిస్ట్రేషన్ తీయించాను. ఇవాళ పొద్దున అదే ప్రకటన మళ్లీ కనపడింది, ఈసారి "ఇంకో మూడే మిగిలాయి" అని. అందుకే వెంటనే రాస్తున్నాను. ఆ ప్రకటన చూసి కొందామని అడిగేవాళ్లెవరైనా ఉంటే, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తున్న వీడియో పంపమనండి.